రాజుగారి అంగీకి బొజ్జ

అనగనగా ఒక పట్నం. ఆ పట్నంలో పాత కోట, ఆ కోటలో ఒక మ్యూజియం. అందులో ఒక గది నిండా రాజులూ రాణులూ కట్టుకున్న బట్టలే! వాటిని చూద్దామని ఒకరోజు హుస్సేనమ్మ వెళ్ళింది. హుస్సేనమ్మ ఎవరనుకున్నావు? దూది ఏకి పరుపులు కుట్టే అవ్వ. ఆవిడ కుట్టిన పరుపు మీద పడుకోబెడితే ఎంత పేచీకోరు పిల్లలైనా ఇట్టే నిద్రపోయేవాళ్ళు.

ముందు రాణిగారి పట్టుపావడా చూసింది. ఆ తర్వాత మంత్రిగారి తలపాగా చూసింది. అప్పుడు అద్దాల బీరువాలో రాజుగారి దర్బారు అంగీ కనిపించింది. నీలం మఖమలు మీద జరీ పువ్వులు, ముందు బంగారు బొత్తాలు. ఏం లాభం? రాజుగారేమో భారీ మనిషి, అంగీ తొడిగిన బొమ్మేమో చీపురుపుల్ల. చేలో దిష్టిబొమ్మకి వేసినట్టు వేలాడుతోంది. చూసినవాళ్ళంతా పకపకా నవ్వుతున్నారు.

హుస్సేనమ్మకి మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఆ గదిని చూసుకునే ఆఫీసరమ్మ ఇందుమతి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, ఆయనకి కాస్త బొజ్జ పెట్టకూడదా?"

"కుదిరేట్టు పెట్టేవాళ్ళు దొరకలేదవ్వా. బరువంతా భుజాల మీద పడి గుడ్డ చిరిగిపోతోంది. శుక్రవారం తీసి పెట్టెలో పెట్టేస్తాం. ఇంక ఎవరికీ కనపడదు."

"శుక్రవారం దాకా నాకు వదిలెయ్ తల్లీ," అంది హుస్సేనమ్మ.

మంగళవారం మెత్తటి గుడ్డలో దూది కూరి బొజ్జ కుట్టి తెచ్చింది. ఇందుమతి చేతులకి తొడుగులు వేసుకుని, బొమ్మకి బొజ్జ కట్టి, అంగీ తొడిగింది. చాల్లేదు. ఇంకా వేలాడుతూనే ఉంది.

బుధవారం ఇంకా పెద్ద బొజ్జ తెచ్చింది. ఈసారి ముందుకి పొడుచుకొచ్చింది. బొత్తాలు పడితే ఒట్టు!

ఆ రాత్రి పాపం హుస్సేనమ్మకి అన్నం సయించలేదు. మిగిలింది ఒక్క రోజే కదా మరి.

గురువారం పొద్దున్నే వెళ్ళి, "ఒక్కసారి లోపలి కుట్లు చూపించమ్మా," అని అడిగింది. ఇందుమతి మెల్లిగా అంగీ తిరగేసింది. రెండు పక్కలా పాత కుట్టు విప్పి, గుడ్డ వదిలి, మళ్ళీ కుట్టిన గీతలున్నాయి. ఒకటి, రెండు, మూడు!

హుస్సేనమ్మ కిసుక్కున నవ్వింది. "ఈయనకి బొజ్జ ముందుకి పెరగలేదమ్మా, పక్కలకి పెరిగింది! పాపం ఆ దర్జీ, రాజుగారు చిన్నబుచ్చుకోకుండా చాటుగా వదులు చేస్తూ వచ్చాడు."

అక్కడే చతికిలబడి, బొజ్జలో ముందువైపున్న దూది తీసి పక్కలకి కూరింది. అప్పుడు ఇందుమతి అంగీ తొడిగింది. బొత్తాలన్నీ టకటకా పడ్డాయి! భుజాలు నిలబడ్డాయి. రాజుగారు ఇప్పుడే భోంచేసి దర్బారుకి వచ్చినట్టున్నారు.

శుక్రవారం వచ్చినవాళ్ళు ఒక్కరూ నవ్వలేదు. ఒక తాతగారైతే తెలీకుండానే చేతులు జోడించేశారు!

ఆ తర్వాత ఇందుమతి అద్దం మీద ఒక చీటీ అతికించింది. హుస్సేనమ్మకి చదువు రాదుగా, తనే చదివి వినిపించింది: "బొజ్జ కుట్టినవారు, దూదేకుల హుస్సేనమ్మ."

హుస్సేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు నీళ్ళతో మెరిశాయి.

"ఇంకోసారి చదువమ్మా," అంది.

ఇందుమతి ఇంకోసారి చదివింది. ఆ తర్వాత, అడక్కుండానే, మూడోసారి కూడా చదివింది.

కథేమో కంచి దారి పట్టింది,
నా బంగారుకేమో కునుకు పట్టింది.