రంగు వేయించిన కారు

కొచ్చెర్ల మాణిక్యాంబ గారు హరికథ చెబితే ఊరంతా వింటుంది గానీ, శిష్యురాలు ప్రశ్న అడిగితే మాత్రం ఆవిడ నోట జవాబు ఓ పట్టాన రాదు. "చూద్దాంలే అమ్మా" అంటారు. తరవాత ఏదో పనిలో పడతారు. ఆ పనిలో జవాబు ఉందో లేదో అడిగినవాళ్ళే తేల్చుకోవాలి. కాలేజీ వక్తృత్వ పోటీల్లో కప్పులు గెలిచి, ఆ నోటితోనే కథ నేర్చుకోవడానికి వచ్చిన హైమకి ఈ పద్ధతి మొదటినుంచీ ఒళ్ళుమంట.

ఆ రోజు నిడదవోలులో, జిలాని మెకానిక్ షెడ్డు ముందు నిలబడి ఆమె అడిగిన ప్రశ్న ఇది: "పేర్రాజు మాస్టార్ని ఇంకా ఎన్నాళ్ళు మోస్తారు అమ్మగారూ?"

పేర్రాజు గారు వాళ్ళ జట్టులో వయొలిన్ వాయిస్తారు. అప్పుడాయన రోడ్డవతల టీ కొట్టు బల్ల మీద, వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అమ్మగారి వెనక వాయించడం తప్ప ఆయనకి మరో బతుకుతెరువు లేదు. దసరా దాకా ఆ వయొలిన్ కమాను అమ్మగారి గొంతుని వెన్నంటే నడిచేది. ఆ తరవాత ఏమైందో, ఆవిడ పద్యం ఎత్తుకుంటే అందుకోలేకపోతున్నారు. ఆయన అందుకునేసరికి కథ మరో ఘట్టంలో ఉంటోంది.

"దసరాకి వేదికంతా మార్చానా, జనానికి మీరొక్కరే కనపడాలని వాద్యాల వాళ్ళని ఓ వారకి, తెర పక్కకి జరిపానా, పెద్ద స్పీకర్లు పెట్టించానా. ఇంత చేస్తే ఈయన దగ్గర చెడుతోంది. రాజమండ్రిలో ఒకబ్బాయి ఉన్నాడు, చురుకైనవాడు. ఇవాళ కథ అయ్యాక మాస్టారికి చెప్పెయ్యండి. మీకు నోరు రాకపోతే నేను చెబుతాను."

"చూద్దాంలే అమ్మా," అన్నారు మాణిక్యాంబ గారు. "ముందు కారు సంగతి చూడనీ."

కారు ఆవిడ తండ్రిగారి కాలం నాటి అంబాసిడర్. సాయంత్రం తణుకులో కథ. ఈ బండేమో తాళం తిప్పితే టక్కుమంటుంది, అంతే. నలుగురు తోస్తేనే షెడ్డు దాకా వచ్చింది. జిలాని బ్యాటరీ మార్చి చూశాడు. ఇంజన్ని తిప్పి లేపే మోటారుని అందరూ సెల్ఫ్ అంటారు. దాన్నీ ఊడదీసి, ఇనప సామాన్ల కుప్పలో పడేసి, కొత్తది బిగించాడు. హైమ తాళం తిప్పింది. టక్.

"దీనికి వయసైపోయిందండి," అన్నాడు జిలాని చేతులు తుడుచుకుంటూ. "ఇక ఎన్నని మారుస్తాం?"

"నేనూ అదే మొత్తుకుంటున్నా బాబాయ్," అంది హైమ. "కారు గురించి కాదులే."

మాణిక్యాంబ గారు ఆ ఎత్తిపొడుపు విననట్టే కారుకేసి తిరిగారు. "జిలానీ, ఇది మొరాయించక ముందు దీనికి మనం ఏం చేశాం?" అని అడిగారు.

"ఏం చెయ్యలేదండి. రంగు వేయించారు, అంతేగా."

"నేనే దగ్గరుండి వేయించాను," అంది హైమ. "బానెట్ కింద కూడా. ఒక్క మూల వదల్లేదు."

గుడ్డతో తుడుస్తున్న జిలాని చెయ్యి ఆగింది. వంగి, బ్యాటరీ నుంచి కారు బాడీకి బిగించిన లావుపాటి తీగని విప్పాడు. దాని కింద మీగడలాంటి కొత్త రంగు, నున్నగా, ముచ్చటగా ఉంది.

"ఇదా సంగతి," అన్నాడు. "కరెంటు వెళ్ళడానికి తీగలున్నాయి హైమమ్మా. తిరిగి రావడానికి ఈ బాడీయే దారి. ఇక్కడ ఇనుముకి ఇనుము తగలాలి. మనం మధ్యలో రంగు పూసేశాం." మనం అన్నది మర్యాదకే.

గరుకు కాగితంతో అక్కడ అంత మేర గీకేశాడు. తీగ బిగించబోతుంటే మాణిక్యాంబ గారు కుప్పకేసి చూపించి, "ఆ పాత సెల్ఫే పెట్టు," అన్నారు.

"కొత్తది బిగించేశాం కదండీ."

"పాతది చేసిన తప్పేమిటి?"

జిలాని నవ్వి, పాతదే బిగించాడు. హైమ తాళం తిప్పగానే ఇంజను మేలుకుంది. రోడ్డవతల పేర్రాజు గారు పెట్టె పట్టుకుని లేచి నిలబడ్డారు. హైమ గుండెల మీంచి బరువు దిగింది. దిగాక గానీ, ఆ మాట లోపల గుచ్చుకోవడం మొదలవలేదు. మొరాయించక ముందు మనం ఏం చేశాం?

తణుకు దారిలో సగం దూరం నడిపింది. చివరికి అద్దంలోంచి వెనక సీటుకేసి చూసి అడిగింది: "మాస్టారూ, తెర వారన కూర్చుంటే అమ్మగారి గొంతు మీకు వినపడుతోందా?"

"స్పీకర్లన్నీ జనం వైపే కదమ్మా. ఎదర గోడకి కొట్టి వచ్చేది వింటున్నాను. అది వచ్చేసరికి ఆవిడ ముందుకెళ్ళిపోతారు."

"మరి చెప్పరేం?"

"నువ్వేమో అంత ముచ్చటపడి చేశావు. పైగా..." ఆగి, మెల్లిగా అన్నారు, "నా చెవులే పోయాయనుకున్నాను. ఆ సంగతి పైకి అనడానికి భయమేసింది."

వేదిక దగ్గర ఆయన చాపని ఎవరి చేతా మోయించలేదు హైమ. తానే తెచ్చి, అమ్మగారి వెనక చెయ్యి చాస్తే అందేటంత దగ్గర్లో పరిచింది. అమ్మగారు మొదటి పద్యం ఎత్తుకోగానే వయొలిన్ అందుకుంది. మలుపులో ఆవిడ ఊపిరి తీసుకునే ఖాళీని కూడా నింపింది. ఇన్నాళ్ళకి పేర్రాజు గారు తల ఎత్తి వాయిస్తున్నారు. జనానికి ఈ తేడా ఏం తెలుస్తుంది. తాళం వేస్తున్న హైమ చేతులకి తెలిసింది.

కథ ముగిశాక ఆమె గురువుగారి కాళ్ళ దగ్గర కూర్చుని గజ్జెలు విప్పుతూ అడిగింది: "మాస్టారి చోటు సంగతి షెడ్డు దగ్గరే చెప్పొచ్చుగా అమ్మగారూ?"

"చెబితే వాదించేదానివి," అన్నారు మాణిక్యాంబ గారు. "గెలిచేదానివి కూడా."