వలలో మూడు రౌండ్లు

మర్నాడు తాను కొట్టాల్సిన మనిషికి ఇల్లు లేదన్న సంగతి మందాకినికి శనివారం సాయంత్రం తెలిసింది.

ముందు అనుకున్న జోడీ భువనేశ్వర్ అమ్మాయి. తుఫానుకి రైలు దారి తెగిపోయి ఆ అమ్మాయి రాలేకపోయింది. ఆమె బదులు దిబ్బలపాలెం నుంచి మైలపల్లి పోలేశ్వరి వస్తోంది. పెళ్లికి ముందు నాలుగేళ్లు కుస్తీ పట్టిన మనిషి. పెళ్లయ్యాక మానేస్తుందని ఊరంతా అనుకుంటే, ఆమె గుద్దులూ తన్నులూ కూడా నేర్చుకుంది. పన్నెండు రోజుల కిందటి తుఫానుకి ఆమె ఇంటి కప్పు లేచిపోయి, గోడలు కూలాయి. పడవ వెళ్లి సరుగుడు తోటలో పడింది. అప్పటినుంచి అత్తతో కలిసి ఊరిబడిలో పడుకుంటోంది.

పోటీలు పెట్టిందే ఆ తుఫాను ఊళ్ల కోసం. ఆడవాళ్ల మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్, మొత్తం అయిదు జోడీలు. టిక్కెట్లు లేవు. చూడాలనుకున్నవాళ్లు కొత్త దుప్పటో, వంటగిన్నో, అయిదు కిలోల బియ్యమో గుమ్మంలో ఇచ్చి లోపలికి రావాలి.

ఏర్పాటంతా గరికిన నూకరత్నంది. ఆడమనిషే అయినా విశాఖ చేపలరేవులో ఆమెని అందరూ మాస్టారనే పిలుస్తారు. యాభై ఆరేళ్లు. ముప్ఫయ్యేళ్లుగా ఐస్ ఫ్యాక్టరీ వెనక షెడ్డులో ఆడపిల్లలకి కుస్తీ నేర్పుతున్నారు. హైదరాబాదు నుంచి రావలసిన ఇనుప జాలీ బోను వరదనీళ్ల మధ్య లారీలో ఇరుక్కుపోతే, ఆమె క్షణం కూడా విచారించలేదు. ఎనిమిది స్తంభాలు పాతించి, మర బోట్లకి కట్టే కొత్త నైలాను వల రెండు మడతలు వేసి చుట్టూ బిగించడం మొదలుపెట్టారు.

ఆ ముడులు వేస్తుండగా వచ్చింది ఆమె శిష్యురాలు మందాకిని, రుసరుసలాడుతూ.

మందాకిని ఎం.ఏ. చదువుతోంది. దొరికిన పుస్తకమల్లా చదివింది, చదివిందల్లా నమ్మింది. ఏ ఊరేగింపులోనైనా ముందు వరుస ఆమెది, నినాదం అందుకునే గొంతు ఆమెది. ఆడిన తొమ్మిది పోటీల్లో ఒక్కటీ ఓడలేదు.

"మాస్టారూ, ఇల్లు పోయిన మనిషిని నేనెలా కొట్టను?"

"ఎడమ చెయ్యి ముందుంచు," అన్నారు మాస్టారు ముడి బిగిస్తూ. "అది ఆడించి కుడిచేత్తో కొట్టు. కుస్తీ మనిషి కదా, కాళ్లకొస్తుంది. నడుం వంచకు."

"నేనడిగింది అది కాదు మాస్టారూ."

"మరేమిటి?"

"న్యాయం గురించి."

"దానికి రిఫరీ ఉంది."

మందాకిని ముఖం ఎర్రబడింది. "సర్వం పోయిన మనిషిని బోనులో నిలబెట్టి, ఆమె దెబ్బలు తింటుంటే చూసి, ఒక దుప్పటి పడేసి పోతారా జనం? ఇది సాయమా? పేదల కన్నీళ్లు పెద్దలకి వినోదమా? పీడితులు పీడితుల మీద చెయ్యెత్తకూడదు మాస్టారూ."

"పోలేశ్వరిని ఎవరూ ఈడ్చుకురావట్లేదు. జోడీ దొరకలేదటగా, నేనొస్తానని తనే కబురు పెట్టింది."

"గతిలేక పెట్టి ఉంటుంది."

"అడిగావా?"

"అడగాలా? తెలియట్లేదా?"

మాస్టారు ఒక అల్లం ముక్క నోట్లో వేసుకున్నారు. "ఆ కొస పట్టుకో. గట్టిగా లాగు," అన్నారు.

ఇంటికి వెళ్లే బస్సులోనే మందాకిని నిశ్చయించుకుంది. పోలేశ్వరిని కొట్టదు. తన పదో గెలుపు ఆమెకి ఇచ్చేస్తుంది. చెప్పకుండా, పేరు ఆశించకుండా. సంఘీభావమంటే అదేనని తోచి, ఆమెకి కళ్లు చెమ్మగిల్లాయి. అంత మంచి ఆలోచన వచ్చినందుకు కాస్త గర్వం కూడా కలిగింది.

ఆదివారం పదకొండు గంటలకల్లా పోలేశ్వరి దిగింది. నల్లగా, పొట్టిగా, వలలు లాగి లాగి బలిసిన భుజాలతో, ఎవరిదో మగపిల్లాడి చొక్కా వేసుకుని ఉంది. వెంట ఆమె అత్త అప్పలకొండ, చంకలో నీళ్లసీసాతో. తూకం అవగానే పోలేశ్వరి తిన్నగా మైకు దగ్గర కూర్చున్నతని దగ్గరికి వెళ్లింది.

"బాబూ, నా పేరు ఇంటిపేరుతో సదువు. మైలపల్లి పోలేశ్వరి. మూడుసార్లు జిల్లా నెగ్గింది అను. ఇంకేటీ అక్కర్నేదు."

అతను తలూపాడు. పక్కనే చేతులకి పట్టీ చుట్టుకుంటున్న మందాకిని విన్నది. ఎంత అభిమానం, ఎంత అమాయకత్వం అనుకుంది. పోలేశ్వరి అటు వెళ్లగానే మైకతని చేతిలో ఒక కాగితం పెట్టింది. "ఇది చదవండి. ఆమె చెప్పుకోలేదు. మనమే చెప్పాలి."

మూడు గంటలకి షెడ్డు కిక్కిరిసిపోయింది. చేపలమ్మే ఆడవాళ్లు ముందు వరుసలన్నీ ఆక్రమించారు. గుమ్మంలో దుప్పట్లు గడ్డివాముల్లా పేరుకున్నాయి. ఒకావిడ ఇంట్లో పెద్ద గంగాళమే మోసుకొచ్చి, దీనికి ఇద్దర్ని లోపలికి పంపాలని వాదించి నెగ్గింది.

నాలుగో జోడీ వంతు వచ్చింది. మైకతను కాగితం అందుకున్నాడు.

"ఎర్ర మూల నుంచి... కడలి కాటుకి గూడు చెదిరి, సర్వస్వం కోల్పోయి, కన్నీటి సంద్రాన్ని ఈదుతూ మన ముందుకొచ్చిన అభాగ్య సోదరి, తుఫాను బాధితురాలు పోలేశ్వరి!"

షెడ్డంతా ఒక్కసారి 'అయ్యో' అంది. ముందు వరుసలో ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వల ముడి మీద చెయ్యి వేసి లోపలికి అడుగుపెట్టబోతున్న పోలేశ్వరి అక్కడే ఆగిపోయింది. నవ్వుతూ ఎత్తిన చెయ్యి కిందికి దించేసింది.

మాస్టారు మైకు వైపు చూశారు. తరువాత మందాకిని వైపు చూశారు.

గంట మోగింది.

పోలేశ్వరి ముందుకొచ్చింది. మందాకిని పక్కకి తప్పుకుంది. పోలేశ్వరి గుద్దింది. మందాకిని భుజం మీద తీసుకుని, బదులుగా ఆమె చెంప పక్కనుంచి గాలిని గుద్దింది. ఇంకోసారి పొట్ట మీద గ్లౌజు ఆనించి తీసేసింది. తన్నాల్సిన చోట కాలు ఎత్తి, ఎత్తినంత మెల్లగా దించింది.

"ఏటే, ఆ గుంట నిన్ను నిమురుతోందా?" అని అప్పలకొండ వల బయటినుంచి అరిచింది. జనం నవ్వారు.

పోలేశ్వరి మందాకినిని వాటేసుకుని వలకి అదిమింది. చెవి దగ్గర నోరు పెట్టి, "ఏటి, కొట్టవేటి?" అంది.

"మీ కష్టం నాకు తెలుసక్కా," అంది మందాకిని, మౌత్‌గార్డు అడ్డంపడుతున్నా వీలైనంత ఆర్ద్రంగా.

"నా కష్టం నీకెందుకు? సెయ్యెత్తు."

మందాకిని చెయ్యెత్తింది. ఎత్తి, మళ్లీ గాలినే కొట్టింది. మూడు నిమిషాలూ అలాగే గడిచాయి. గంట మోగింది.

తన మూలకి వచ్చి స్టూలు మీద కూర్చుని, మందాకిని నీళ్లకోసం నోరు తెరిచింది. నీళ్లు రాలేదు. తల తిప్పి చూస్తే మాస్టారు లేరు. నీళ్లసీసా చేత్తో పట్టుకుని, బోను మధ్యలోంచి అవతలి మూలకి నడిచి వెళ్తున్నారు.

అక్కడ పోలేశ్వరి పళ్లతో గ్లౌజు పట్టీ లాగేస్తోంది. "నాను దిగిపోతాను. ఈ గుంటతో నాకు ఆట నేదు," అంటోంది అత్తతో. "బడికాడ అన్నం పేకెట్లు పట్టుకొచ్చినోళ్లూ ఇలాగే సూస్తారు. ఇక్కడా అదేనా?"

మాస్టారు ఆమె ముందు ఆగి, నీళ్లసీసా కింద పెట్టి, రెండు చేతులూ జోడించారు. తనలో సగం వయసు పిల్లకి, అంతమంది చూస్తుండగా, నడుం వంచి దణ్ణం పెట్టారు. షెడ్డులో మాట ఆగిపోయింది. మందాకిని స్టూలు మీంచి లేచింది.

"అమ్మా, తప్పయిపోయింది," అన్నారు మాస్టారు. గొంతు తగ్గించలేదు. "నువ్వు కొట్లాటకొచ్చావు. మా పిల్ల పరామర్శకొచ్చింది."

మొదట పోలేశ్వరికే నవ్వొచ్చింది. అది పైకి రాకుండా ఆపుకోబోతే మౌత్‌గార్డు ఊడి కిందపడింది. ఆ పైన ముందు వరుస, వెనక వరుస, గంట పట్టుకున్నతను, అందరూ నవ్వారు. "మరి అరటిపళ్లు తేలేదేటే గుంటా?" అని ఎవరో ఆడగొంతు అరిచింది. షెడ్డు ఇంకోసారి గొల్లుమంది.

పోలేశ్వరి మౌత్‌గార్డు కడుక్కుని, చెయ్యి ముందుకు చాపింది. "అత్తా, పట్టీ బిగించు."

మాస్టారు తిరిగి వచ్చేసరికి పది సెకన్లే ఉన్నాయి. మందాకిని చెవులు కాలిపోతున్నాయి. "మాస్టారూ, నేను..."

"నీళ్లు తాగు," అన్నారు మాస్టారు.

రెండో రౌండులో మొదటి గుద్దు పోలేశ్వరిదే. ముక్కు మీద పడింది. మందాకినికి కళ్లలో నీళ్లు తిరిగాయి, ఈసారి ఆలోచన వల్ల కాదు. రెండోది పక్కటెముకల్లో దిగింది. అది తగిలాకే ఆమెకి ఒక సంగతి తెలిసింది. తాను ఇచ్చేద్దామనుకున్న గెలుపు అసలు తన చేతిలో లేదు. ఈ మనిషి తనకంటే బలమైనది.

భయం వేసింది. భయం వెనకే ఉత్సాహం వచ్చింది.

ఎడమ చెయ్యి ఆడించి, కుడిచేత్తో కొట్టింది. అది పోలేశ్వరి దవడకి తగిలి, తల పక్కకి తిరిగింది. పోలేశ్వరి తల మళ్లీ ఇటు తిప్పుకుని, మౌత్‌గార్డు అంతా కనిపించేలా నవ్వింది. "ఆఁ!" అంది. "అలాగ."

ఆ తరువాత ఇద్దరూ దయ అన్న మాట మరిచిపోయారు. పోలేశ్వరి మందాకిని కాళ్లు పట్టుకుని ఎత్తి పడేస్తే షెడ్డు నేల అదిరింది. మందాకిని కిందినుంచి మెలికపడి, పైకొచ్చి, మోకాలితో బదులు చెప్పింది. వల అటూ ఇటూ ఊగింది. ఇందాక కళ్లొత్తుకున్న ఆవిడ ఇప్పుడు బెంచీ ఎక్కి, "నడుం పట్టు పోలేశ్వరీ, నడుం!" అని ఆజ్ఞలు జారీ చేస్తోంది.

"అది మీ ఆడపడుచనుకోయే!" అని ఇంకొకామె సలహా ఇచ్చింది.

"ఆడపడుచంటే నా కూతురు కాదేటే?" అంటూ అప్పలకొండ వెనక్కి తిరిగి ఆమె మీద పడింది. కాసేపు బోను బయట కూడా ఒక జోడీ తయారైంది.

మూడో రౌండులో మందాకిని చెయ్యి పోలేశ్వరి మెడ చుట్టూ పడింది. బిగించింది. ఇల్లు పోయిన మెడ అని తోచలేదు, మెడ అనే తోచింది. పోలేశ్వరి మొహం కందిపోయింది. ఓటమి ఒప్పుకుంటుందనుకుంటుండగా ఒడ్డున పడ్డ చేపలా ఒక్క గింజు గింజి, జారి బయటపడింది. గంట మోగేసరికి ఇద్దరూ నేల మీద కూర్చుని, ఒకరి భుజానికి ఒకరు ఆనుకుని రొప్పుతున్నారు.

న్యాయనిర్ణేతలు పోలేశ్వరి చెయ్యి ఎత్తించారు. మొదటి రౌండూ రెండో రౌండూ ఆమెవి, మూడోది మందాకినిది. మైకతను మందాకిని ఇచ్చిన కాగితం తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మైలపల్లి పోలేశ్వరి!" అన్నాడు. అంతే అన్నాడు. వల తెగుతుందేమో అన్నంతగా కేకలు లేచాయి.

పోలేశ్వరికి మాత్రం సంతోషం సగమే అయింది. పెదవి పగిలి వాచింది, ఎడమ కన్ను మూసుకుపోతోంది. మంచుగడ్డ గుడ్డలో చుట్టి కంటికి అద్దుకుంటూ మందాకిని దగ్గరికొచ్చి నిలబడింది.

"మొదటి రౌండు నాకు వొద్దు. అది నువ్వు పారేసింది. నాను నెగ్గింది కాదు," అంది. "అది తీసేస్తే సెరొకటి. ఇది తేల్నేదు."

మందాకిని తల దించుకుంది. చెప్పాలనుకున్న మాటలు చాలా ఉన్నాయి. అన్నీ ఎక్కడో చదివినవే.

"వొచ్చే నెల మా ఊరు రా. ఇసకలో ఆడదాం. పొద్దున్నే వొచ్చి, ఆడి, తిని పోదువు. వంజరం పులుసు నానే వొండుతాను."

'మీరున్న పరిస్థితిలో మీకెందుకక్కా శ్రమ' అనబోయింది మందాకిని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా వాచిన కన్ను తన కళ్లలోకే చూస్తోంది. పక్కన మాస్టారు వల ముడులు విప్పుతున్నారు. ముడి మీద ఆ చేతులు ఆగాయి.

మందాకిని ఆ మాట మింగేసింది.

"తలకాయ నాకే పెట్టాలి," అంది.

"ఓసి దీని ఆశ," అంది పోలేశ్వరి. "తలకాయ మా అత్తది. నెగ్గు, అప్పుడు సూద్దాం."

"నెగ్గితే ఇస్తావా?"

"నెగ్గలేవు గానీ, ఇస్తాను."

అప్పలకొండ సంచి సర్దుకుంటూ, తలకాయ సంగతి తనని అడక్కుండా ఎవరు నిర్ణయించారని గొణుక్కుంటూ బయటికి నడిచింది. పోలేశ్వరి ఆమె వెనకే వెళ్లింది, మంచుగడ్డ ఉన్న చెయ్యి పైకెత్తి ఊపుతూ.

మందాకిని వంగి వల కొస అందుకుంది. అడగకుండానే లాగి పట్టుకుంది. మాస్టారు కాసేపు ముడులు విప్పుకుంటూ పోయారు. ఆఖరి స్తంభం దగ్గరికి వచ్చాక తలెత్తకుండానే అన్నారు.

"రేపు అయిదింటికే వచ్చెయ్. ఇసకలో నీకు కాళ్లు ఆడవు."