ముంగిస కాచిన గ్రాఫిక్స్ కార్డు

అనగనగా, నదులు ఎవరి మాటా వినని రోజుల్లో, ఒక పెద్ద ఏటి నడుమ ఒక లంక ఉండేది. ఆ లంకకు రాజు ఒక దున్నపోతు. మంత్రి ఒక కొంగ. ప్రజలు కుందేళ్లు, పందికొక్కులు, ముంగిసలు. ముంగిసకూ పందికొక్కుకూ పడదు కదా అంటారేమో. ఏటా వరద వచ్చే చోట పగలు నిలవవు.

రాజుగారి కొలువులో ఒక కంప్యూటర్ ఉండేది. అది అక్కడికి ఎలా వచ్చిందని అడగకండి. కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు. దాని తెరమీద ఏరంతా బొమ్మగా కనిపించేది. ఎగువన నీళ్లు పెరిగితే ఆ మేర ఎర్రబడేది. ఎరుపు కనబడగానే కొంగ కేక వేసేది. పల్లంలో బొరియలున్నవాళ్లు పిల్లల్ని నోట కరుచుకుని మెరకకు పరుగెత్తేవాళ్లు. ఏళ్ల తరబడి ఆ బొమ్మే వాళ్ల ప్రాణాలు కాపాడుతూ వచ్చింది.

ఒక ఆషాఢంలో, వానలు మొదలైన మర్నాడే, తెరమీద గళ్లు గళ్లుగా రంగులు పడ్డాయి. తర్వాత చారలు పడ్డాయి. ఆ తర్వాత అంతా నలుపు. పెట్టె గుర్రుమని తిరుగుతూనే ఉంది గాని బొమ్మ లేదు.

రాజుగారు మంగతాయిని పిలిపించారు. లంకలో ఏది చెడినా బాగుచేసే ముంగిస ఆమె. ఆమె బొరియ పల్లంలోకెల్లా పల్లంలో ఉంది. అందులో పిల్లలకు ఇంకా కళ్లు కూడా తెరుచుకోలేదు. బొమ్మ లేకపోతే వరద మొదట తట్టేది తన గడపనేనని ఆమెకు తెలుసు. వెంటనే పెట్టె విప్పింది.

"బొమ్మలు గీసే పలక ఇదేనండి. గ్రాఫిక్స్ కార్డు అంటారు. దీని చిప్పు కింద ఆవగింజల్లాంటి టంకం చుక్కలుంటాయి. వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి, అవి బీటలిచ్చాయండి" అంది.

"కొత్తది తెప్పిద్దాం" అన్నారు రాజుగారు.

"పడవలు ఆగిపోయాయి కదండి. వరదలు తీసేదాకా రావు. అందాకా దీన్నే కాచి, ఆ బీటలు పూడతాయేమో చూస్తాను."

మంగతాయి ఫ్యాను విప్పింది. ప్లాస్టిక్ ముక్కలన్నీ ఊడదీసింది. చిప్పు మీద ఎండిపోయిన పేస్టు తుడిచింది. చిప్పు ఒక్కటే బయటికి ఉంచి, మిగతా పలకంతా అల్యూమినియం కాగితంతో కప్పింది. ఇనప పెనం మీద పెట్టి, పైన మూకుడు బోర్లించి, కింద నిప్పులు ఎగదోసింది. టంకం మెత్తబడే వేళకు నిప్పులు లాగేసింది.

"చల్లారేదాకా ఎవరూ కదలొద్దు. పలక అదిరితే చుక్కలు చెదిరిపోతాయి" అంది. దున్నపోతు ఊపిరి బిగబట్టి నిలబడటం లంకవాసులు అప్పుడే చూశారు.

పలకను మళ్లీ పెట్టెలో బిగించగానే బొమ్మ వచ్చింది. కుందేళ్లు గంతులు వేశాయి.

"ఇక దిగుల్లేదుగా?" అన్నారు రాజుగారు.

"బొమ్మ వచ్చింది గాని జబ్బు పోలేదండి. ఇది అతుకు. ఎన్నాళ్లుంటుందో చెప్పలేను. పల్లంలో వాళ్లని ఇప్పుడే మెరక మీదకి చేర్చేయండి."

మెరక మీది లేతగడ్డి రాజుగారి సొంత మేత. ఏదో ఒక పూట అంటే సరే గాని, వానాకాలమంతా తొక్కిస్తే ఏం మిగులుతుంది? రాజుగారి ముఖం ముడుచుకుంది. అది కనిపెట్టిన కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంది.

"పని మీద నమ్మకం లేనివాళ్లే ముందుగా సాకులు వెతుక్కుంటారు మహారాజా. బొమ్మ కళ్లెదుట వెలుగుతుంటే భయమెందుకు?" అంది.

రాజుగారికి ఆ మాట నచ్చింది. ఎవరినీ మెరక ఎక్కనివ్వలేదు. మనకు కావలసింది చెప్పేవాడి గొంతు ఎప్పుడూ తియ్యగానే ఉంటుంది.

కొన్నాళ్లకే తెర మళ్లీ నల్లబడింది. మంగతాయి మళ్లీ కాచింది. బొమ్మ మళ్లీ వచ్చింది గాని, ఈసారి మూలన కాసిని గళ్లు మిగిలిపోయాయి.

కొంగ ఆమెను పక్కకు పిలిచింది. "చూడమ్మాయ్, జనం బెంబేలు పడుతున్నారు. పూర్తిగా బాగైందని కొలువులో ఒక్క మాట చెప్పు చాలు. మెరక మీద నీకో బొరియ ఇప్పిస్తా. నీ పిల్లలు చల్లగా ఉంటారు."

ఒక్క మాటతో పిల్లలు గట్టెక్కుతారు. మంగతాయి ఆశపడింది, నిజంగానే ఆశపడింది. అంతలో పక్క బొరియలోని ముసలి పందికొక్కు అప్పాయమ్మ గుర్తొచ్చింది. మంగతాయి బాగైందంటే ఇక హాయిగా నిద్రపోవచ్చని ఆమె రోజూ అంటుంది. ఆ నిద్ర తన మాట మీద పోయే నిద్ర.

"నా పిల్లలకి మెరక, పక్కింటి పిల్లలకి వరదా? ఆ మాట నా నోట రాదండి. మీకైతే రెక్కలున్నాయి" అని వచ్చేసింది.

వచ్చి, పట్టపగలు, అందరూ చూస్తుండగా, పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని మెరక ఎక్కడం మొదలుపెట్టింది.

అప్పాయమ్మ అడ్డం వచ్చింది. "ఏంటమ్మాయ్, బాగుచేసిందానివి నువ్వే, మూట కట్టిందానివీ నువ్వేనా?"

"బాగుచేశాను కాబట్టే తెలుసత్తా. అది అతుకు."

అప్పాయమ్మ వెంటనే వెనక్కి తిరిగింది. ఇంట్లోకి వెళ్లి మనవళ్లను లేపింది. వాళ్ల వెనక కుందేళ్లు బయల్దేరాయి. పొద్దు వాలేసరికి పల్లం ఖాళీ అయింది.

రాజుగారు ముక్కుపుటాలు ఎగరేసుకుంటూ వచ్చారు. "నీ పనిని నువ్వే నమ్మవా?"

"నమ్ముతానండి. ఎంత నమ్మాలో అంతే నమ్ముతాను. తొక్కిన గడ్డి మళ్లీ మొలుస్తుందండి."

రాజుగారు కళ్లు తెరవని ఆ పిల్లల వంక చూశారు. "అంచున ఉండండి. నడుమ తొక్కారంటే ఊరుకోను" అని వెళ్లిపోయారు.

ఆ వారమే జోరువాన పట్టుకుంది. తెర మూడోసారి నల్లబడింది. మంగతాయి మూడోసారి కాచింది. బొమ్మ రాలేదు.

"ఇంకోసారి కాచు" అంది కొంగ.

"దానిలో ఇంక సత్తువ లేదండి."

ఆ మాట అంటుండగానే నీళ్లు కొలువులోకి వచ్చి రాజుగారి గిట్టలకు తగిలాయి. కొంగ ఆ గిట్టల వంక ఒకసారి చూసి, రెక్కలు విప్పి, అవతలి గట్టుకు ఎగిరిపోయింది. రాజుగారు మంగతాయిని వీపున ఎక్కించుకుని, ఏటికి ఎదురీదుతూ మెరక చేరారు.

వెనక్కి చూస్తే పల్లం లేదు. ఉన్నది ఏరే. అప్పాయమ్మ ప్రతి ఇంటివాళ్లనూ పేరుపేరునా పిలిచింది. ప్రతి పేరుకూ జవాబు వచ్చింది. రాజుగారి కళ్లు చెమర్చాయి.

"ఆనాడు నువ్వు బాగైందని చెప్పి ఉంటే?" అన్నారు మెల్లగా.

"అందరం పల్లంలోనే కూర్చుని, కొంగగారి కేక కోసం చూసేవాళ్లమండి."

రాజుగారు తల వంచుకున్నారు. పక్కకు జరిగి చోటిస్తూ అన్నారు, "నడుమకు రండి. అంచున గాలి కొడుతోంది."

వరద తీశాక పడవ వచ్చింది. పడవలో కొత్త కార్డు వచ్చింది. కొంగ కూడా వచ్చింది గాని, మంత్రి పదవి రెక్కలు లేనివాళ్లకే ఇస్తామని రాజుగారు అప్పటికే చాటింపు వేయించారు. ఆ పదవి మంగతాయికి దక్కింది.

కాబట్టి పిల్లలూ, అతుకు వేయడం పనితనం, అది అతుకేనని చెప్పడం నిజాయితీ. లంకను ఒడ్డున పడేసింది ఆ రెండోదే.