అప్పలసూరి తిట్లు

అనగనగా, ఏ రాజు కోసమో తెలీని యుద్ధం ఒకటి జరుగుతుండేది. మన సముద్రపు ఒడ్డు ఊళ్ళ మగపిల్లల్ని తీసుకెళ్ళి, చెట్టన్నది లేని ఇసుక దేశంలో సిపాయిలుగా తయారుచేసేవారు.

తెల్లారకముందే లేవాలి. బూట్లు దులిపి తేలు లేదని చూసుకోవాలి. ఎండ మండేదాకా కవాతు. తాగడానికి చెంబెడు నీళ్ళు, కంచం తోముకోడానికి ఇసుక. తినే అన్నంలోనూ ఇసుకే.

ఆ అన్నం వండేవాడు అప్పలసూరి. వాడూ మనవైపువాడే. తుపాకీ పట్టడం చేతకాలేదని వంటకు తోశారు. వడ్డిస్తూ ఒక్కొక్కడినీ ఒక్కో తిట్టు తిట్టేవాడు.

"పులుసులో అలా దేవకురా సన్నాసీ, ముత్యాలేం దొరకవు."

"తిట్టకుండా పెట్టలేవేటి మావా?"

"తిట్టు లేకపోతే ఉప్పు చాలదురా."

సుబేదారు ఒక పాఠం మాత్రం పదేపదే నేర్పాడు. ఎడారిలో చప్పుడు విని పోతే చస్తారు. శత్రువు గిన్నె కొడతాడు, పేరు పెట్టి పిలుస్తాడు. నేర్పడానికి తనే దిబ్బ వెనక దాక్కుని పిలిచేవాడు. వెళ్ళినవాడికి ఆ పూట నీళ్ళు లేవు. అందరూ బాగా నేర్చుకున్నారు.

ఒక సాయంత్రం దళం దూరపు కవాతు నుంచి తిరిగొస్తుంటే ఇసుకగాలి లేచింది. పక్కనున్న మనిషి కనబడడు. తిత్తుల్లో నీళ్ళు అయిపోయాయి. గుడారాలు దగ్గర్లోనే ఉన్నాయి, ఏ వైపో తెలీదు. ఉన్నచోటే కూలబడ్డారు. ఇసుక మీద పడుతోంది.

అప్పలసూరి మూతికి కట్టుకున్న గుడ్డ విప్పి గుడారం బయటికి నడిచాడు.

"గాలి తగ్గనీరా," అన్నాడు ఆ రోజు గుడారంలోనే ఉండిపోయిన సుబేదారు.

"తగ్గేసరికి వాళ్ళుండరు బాబూ."

గిన్నె కొట్టాడు. విన్నారు. శత్రువనుకున్నారు. ఎవరూ కదల్లేదు.

పేర్లు పెట్టి పిలిచాడు. విన్నారు. సుబేదారనుకున్నారు. ఎవరూ కదల్లేదు.

కూలబడ్డవాళ్ళకి ఇసుక నడుం దాకా వచ్చింది.

అప్పలసూరికి ఒళ్ళు మండింది. "ఒరే గవరయ్యా! పక్కోడి కంచంలోకి చూసేవోడా! లచ్చుమూ! మాడుచెక్క కోసం కొట్టుకు చచ్చేవోడా, ఇవాళ అదీ మిగల్దురా! సన్నాసీ, నీకు పులుసు కాదు, గంజి కూడా దండగరా!"

ఇసుకలో ఎవడో పకపకా నవ్వాడు. లచ్చుమే. "శత్రువుకి నా మాడుచెక్క సంగతెలా తెలుస్తాదిరా? మన వంట మావే! లెగండి!"

ఒకరి నడికట్టు ఒకరు పట్టుకుని, తిట్టు వినబడిన వైపు నడిచారు. ఆఖరివాడు లోపలికొచ్చేదాకా అప్పలసూరి తిట్టడం ఆపలేదు.

అందరూ బతికారు. అప్పలసూరి ఛాతీ నిండా ఇసుక పోయింది. ఒక పూట దగ్గాడు. రెండో పూట మాట పోయింది. మూడో పూట మనిషి లేడు.

తర్వాత వాళ్ళంతా అసలు యుద్ధానికి వెళ్ళారు. కొందరు ఇళ్ళకొచ్చారు, కొందరు రాలేదు. వచ్చినవాళ్ళు ఈ సంగతి తల్లులకు చెప్పారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళలో కొడుకు సిపాయిగా వెళ్ళిన ఇంట, వడ్డన వేళకి తల్లి గుమ్మంలోకి వస్తుంది. "ఒరే, చేపతల లేందే ముద్ద దిగనోడా, కూడు చల్లారిపోతోంది, రారా!" అని కేకేస్తుంది. ఏడవకూడదు. ఏడిస్తే ఎవరి తల్లో పిల్లాడికి తెలీదట. ఇరుగుపొరుగు విని నవ్వుతారు. నవ్వాలి కూడా.

ఆ తర్వాతే ఆమె లోపలికెళ్ళి ముద్ద కలుపుకుంటుంది.