వెళ్ళొస్తానని అనని పిల్ల

అనగనగా ఒక ఊళ్ళో అందామంటే, అక్కడ ఊరే లేదే. కొండమీద ఒకే ఒక్క పాక. పాకలో ఒకే ఒక్క మనిషి, నూకాలు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఉన్నవల్లా కోళ్ళు, పాక వెనకాల రాతిసందులోంచి కారి మడుగు కట్టే ఊట. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెప్తాను.

కొండలు చూద్దామని తిరిగేవాళ్ళు ఆ దారినే ఎక్కేవాళ్ళు. వీపులకి ఇంతేసి సంచులు. నూకాలు వాళ్ళని వీపుమూటోళ్ళు అనేది. ఎవరొచ్చినా అడ్డాకు డొప్పలో చోడంబలి పోసి, కాసేపు కూర్చోమనేది. మనిషి గొంతు వినాలని, అంతే.

ఒకసారి పట్నం కుర్రాళ్ళొచ్చారు. "ఒక్కదానివే ఉంటావు, దెయ్యాలు రావా అవ్వా?" అన్నారు. "నన్ను చూసి అవే జడుసుకుంటాయిరా" అంది. అందరూ నవ్వారు. అప్పుడు చిప్సు కవర్లూ నీళ్ళసీసాలూ ఊటలో పడేసి లేచారు. నూకాలుకి తిట్టు నోటిదాకా వచ్చింది. తిడితే మళ్ళీ రారేమోనని మింగేసింది.

"వెళ్ళొస్తాం అవ్వా, దసరాకొస్తాం!" అన్నారు.

ఆ తర్వాత నూకాలు రోజూ అంబలి ఎక్కువ కాచింది. దసరా వచ్చింది. వాళ్ళు రాలేదు.

ఇంకోసారి మొగుడూ పెళ్ళాం వచ్చారు. ఊటలో షాంపూతో తలలు రుద్దుకున్నారు. నురగకి పీతలు చచ్చి తేలాయి. నూకాలు అప్పుడూ తిట్టు మింగేసింది. "వెళ్ళొస్తాం అవ్వా, ఈసారి చంటాడిని ఎత్తుకొస్తాం" అన్నారు. ఆ చంటాడికని నూకాలు పాతచీరతో ఉయ్యాల కట్టింది. వాళ్ళూ రాలేదు. ఆ ఉయ్యాల్లోకి కోడి ఎక్కి గుడ్లు పెట్టింది.

కవర్లు రాతిసందుకి అడ్డుపడి, ఊట సన్నబడి చినుకులు చినుకులుగా పడుతోంది. బిందె నిండాలంటే పూట పడుతోంది.

అప్పుడు ఒక గుంటపిల్ల వచ్చింది, ఒక్కతే. మన భాష కాదు. బస్సుల్లో ఏరుకున్న తెలుగు. పేరు రేవా అంది.

"రేవా? బట్టలుతుక్కునే రేవా?" అంది నూకాలు.

ఆ పిల్ల ఊట చూసి, "ఈ చెత్త ఎవరిది?" అంది.

"మా చుట్టాలది. మళ్ళీ వస్తామన్నారు."

"చుట్టాలు ఇలా చేస్తారా?"

నూకాలు చీపురు తీసుకుని ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది.

ఆ పిల్ల మోకాళ్ళలోతు దిగి, కవర్లన్నీ లాగి, తన సంచిలోనే కుక్కుకుంది. తన కొబ్బరిచిప్పలో తిని, తను పళ్ళు తోముకున్న నీళ్ళు దూరంగా మట్టిలో పోసింది. ఏ చోటికెళ్ళినా ఏదీ వదలకూడదు, అది దాని పంతం. ఊట బుడబుడమని దూకింది. ఇద్దరూ చీకటిపడేదాకా ఏదో ఒకటి వాగుతూ కూర్చున్నారు.

తెల్లారి ఆ పిల్ల సంచి ఎత్తుకుని, "అవ్వా, పోతాను" అంది.

నూకాలు దాని నోటిమీద ఒకటిచ్చింది. "పోతానంటావేటే! పోయేది చచ్చినోళ్ళు. వెళ్ళొస్తానను."

"అంటే మళ్ళీ రావాలా?"

"మరి?"

"నేను రాను కదా అవ్వా. అబద్ధం ఎలా చెప్పను?"

"చెప్తే నీ నోరేం అరిగిపోద్దే? అందరూ అంటారు."

"అందరూ వచ్చారా?"

నూకాలు పొయ్యిలో పుల్లలు ఎగదోసింది.

పోతాననకూడదు. వస్తానంటే అబద్ధం. పాపం, కొండ దిగడానికి ఆ పిల్లకి మాట దొరకలేదు. సంచి దించి గుమ్మంలో కూచుంది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పొద్దున్నే బూట్లు కట్టుకునేది, సాయంత్రం విప్పేది.

నూకాలుకి తెలుసు, తను నోరు మూసుకుంటే ఆ పిల్ల కదలదని. ఇంట్లో ఇంకో మనిషి దగ్గు, ఇంకో మనిషి అడుగు. ఎంత బాగుందో! అందుకే ఊరుకుంది.

ఒకనాడు ఆ పిల్ల దారివంక చూస్తుంటే నూకాలు కంటపడింది. తను ఇన్నేళ్ళూ చూసిన చూపే అది. తనది కింది నుంచి ఎవరొస్తారా అని, దానిది పైనుంచి ఎప్పుడు దిగుతానా అని.

నూకాలు లేచింది. సంచి ఎత్తి దాని వీపుకి తగిలించింది. మలుపుదాకా నడిచింది. గుమ్మం దిగిన మనిషితో ఎవరూ అనని మాట అనేసింది.

"పో" అంది.

ఆ పిల్ల వెళ్ళిపోయింది. నూకాలు పాకంతా వెతికింది. ఒక తలవెంట్రుకైనా, పిన్నీసైనా దొరుకుతుందేమోనని. ఏమీ లేదు. "ఎంత శుభ్రమే దిక్కుమాలినదానా" అని తిట్టి, బిందె తీసుకుని ఊటకి వెళ్ళింది.

ఏంటీ, మళ్ళీ వచ్చిందా అంటావా? రాలేదు. వస్తానని అనలేదుగా. వచ్చిపోయినవాళ్ళందరిలో మాట తప్పనిది అదొక్కతే. నూకాలు ఆ దారిలో ఎవరికోసమైనా ఎదురుచూడడం మానేసింది.

దీపం కొండకి,
కథ కంచికి,
మనం మంచానికి.