తడవని తాడు

సుంకన్నకు విసుగెత్తింది. హైవే పక్కన ఓ పెట్రోలు బంకులో, నేలలో పాతిన ట్యాంకుల చుట్టూ మూడు సన్నటి గొట్టపు బావులున్నాయి. ట్యాంకుకు చిల్లుపడితే ముందుగా తెలిసేది వాటి నీళ్ళలోనే. మూడు నెలలకోసారి వచ్చి, ఆ నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షకు పంపడం అతని ఉద్యోగం.

పట్టడమంటే ముంచుకుని పోవడం కాదు. గొట్టంలో నిలవున్న నీళ్ళు ఏ సంగతీ చెప్పవు. వాటిని తోడి పీపాలో పోసి, కొత్త నీరు ఊరాక పట్టాలి. ఒక్కో బావికి నలభై చేదలు. ఏడేళ్ళుగా తోడుతున్నాడు, ఏడేళ్ళుగా కాగితం మీద ఒకటే మాట: పెట్రోలు ఆనవాలు లేదు. కొండను తవ్వినవాడికి ఎలుకైనా దొరికింది, ఇతనికి అదీ లేదు.

ఆ మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తోంది. సుంకన్న బావుల మూతలైనా తియ్యకుండా, సీసాల సంచీ, చేద తాడూ భుజాన వేసుకుని గోడ అవతలి దర్గాకు వెళ్ళాడు. అక్కడి ఫకీరు జమాల్ తాతకు అతను నాలుగేళ్ళుగా శిష్యుడు. దర్గా వాకిట్లో తాత చలివేంద్రం నడుపుతాడు. తాత కళ్ళు మూసుకునున్నాడు కదా అని, సుంకన్న చప్పుడు కాకుండా మొదటి సీసాను తాగే నీళ్ళ కడవలో ముంచబోయాడు.

"తాడు తడవలేదే, నాయనా," అన్నాడు తాత.

సుంకన్న చెయ్యి ఆగిపోయింది. తలొంచుకుని అన్నాడు. "ఎన్నిసార్లు తోడినా లేదనే కదా తాతా రాసేది. ఏదన్నా దొరికితే పేరు. ఏమీ దొరకనోన్ని ఎవరు తలుచుకుంటారు?"

తాత లేచి, చెంబు అతని చేతికిచ్చాడు. "నడుం నొప్పిగా ఉంది. కాసేపు నువ్వు నీళ్ళు పొయ్యి."

లారీ డ్రైవర్లు వచ్చారు. మిరప కోతకు పోయే ఆడవాళ్ళు వచ్చారు. చంకలో బిడ్డతో ఒక తల్లి వచ్చి, తాను తాగకముందే బిడ్డ నోటికి గ్లాసు అందించింది. బిడ్డ గటగటా తాగి, మిగిలిన నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడింది.

జనం పలచబడ్డాక తాత అడిగాడు. "వీళ్ళల్లో ఎవరన్నా వాసన చూసి తాగినారా?"

"లేదు తాతా. వాసనెందుకు చూస్తారు?"

"ఈ నీళ్ళు యాడివి?"

"మన చేతిపంపువే కదా." అంటూనే సుంకన్న గోడవైపు చూశాడు. పంపుకూ బంకుకూ మధ్య ఇరవై అడుగులు కూడా ఉండవు.

"వాసన చూడకుండా తాగుతా ఉండారు చూడు," అన్నాడు తాత. "అదే వాళ్ళు నీకు పెట్టే దండం."

తనెవరో తెలియకుండానే తనను నమ్ముకున్న ఆ జనం కాళ్ళకు మొక్కాలనిపించింది సుంకన్నకు. చెంబు కడవ మీద బోర్లించి, సంచీ తీసుకుని బంకులోకి నడిచాడు.

పొద్దు వాలేవేళకు మూడు సీసాలతో తిరిగొచ్చాడు. చొక్కా చెమటతోనూ, తాడు నీళ్ళతోనూ ముద్దయిపోయాయి.

"ఈసారీ వాసన లేదు తాతా," అన్నాడు సంతోషంగా.

జమాల్ తాత ఆ తడి తాడును అందుకుని కళ్ళకద్దుకున్నాడు.