గైరమ్మ పైట

ఝాన్సీకి ఆ గోడ కావాలి.

జనపనార మిల్లు వెనక కొత్తగా కట్టిన కబడ్డీ హాలు గోడ అది. దాని మీద ఒక్క బొమ్మ వేయిస్తారట. ఈ ఊరి నుంచి కూతకి వెళ్లిన ఆడపిల్లల్లో అందరికన్నా గొప్పదాని బొమ్మ. ఎవరన్నది సన్యాసమ్మ చెప్పాలి. ఊళ్లో ఆడపిల్లలకి ఆట నేర్పేది ఆవిడే. వయసు అరవై దాటినా పిల్లలంతా అక్కని పిలిచినట్టు 'అప్పా' అనే పిలుస్తారు.

ముసలాళ్లంతా గైరమ్మ పేరు చెబుతున్నారు. కబడ్డీని చెడుగుడు అనే రోజుల్లో, మట్టి నేల మీద ఆడిన మనిషి. ఝాన్సీ పుట్టకముందే, చిన్న వయసులోనే పోయింది.

"ఆవిడ ఆడింది ఒక్క సీజనంట అప్పా," అంది ఝాన్సీ, మోకాలికి పట్టీ చుట్టుకుంటూ. "నేను ఎన్నేళ్లుగా స్టేట్ ఆడతన్నాను? ఆవిడ పాయింట్లన్నీ కలిపినా నా ఒక్క టోర్నమెంటుకి సరిపోవు. పోనీ, వీడియో ఒక్కటైనా ఉందా?"

"ఆ రోజుల్లో ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గిపోద్దనేవోరే," అంది నీలవేణి. కూతకొచ్చిన వాళ్ల కాళ్లు పట్టి పడెయ్యడంలో ఆ పిల్ల దిట్ట.

"తియ్యకపోయినా తగ్గిందిగా," అంది ఝాన్సీ.

పిల్లలంతా పడీపడీ నవ్వారు. సన్యాసమ్మ నవ్వలేదు.

"ఇయాళ తేల్చెయ్యి అప్పా. ఆవిడా, నేనా?"

సన్యాసమ్మ సామాన్ల గదిలోకి వెళ్లింది. పెట్టె అడుగు నుంచి ఒక పాత ఆకుపచ్చ ఓణీ తెచ్చింది. రంగు వెలిసిపోయింది. ఒక చివర చిరిగి ఉంది.

"కట్టుకో."

"దీంతోనా?"

"కట్టుకుని కూతకెళ్లు. మ్యాట్ మీద కాదు. బయట మట్టిలో."

ఝాన్సీ నవ్వుతూనే జెర్సీ మీద పైట వేసుకుని, కొసని నడుం చుట్టూ బిగించి దోపుకుంది. "పెళ్లికూతురు బయల్దేరిందోయ్," అని ఎవరో అరిచారు. మిల్లు షిఫ్టు దిగిన మగాళ్లు కొందరు ప్రహరీ మీద మోచేతులు ఆనించి చూస్తున్నారు. సన్యాసమ్మ నీలవేణి చెవిలో ఏదో చెప్పింది. నీలవేణి ఇష్టం లేనట్టు తలూపింది.

ఝాన్సీ గీత దాటింది.

"కబడ్డీ కబడ్డీ కబడ్డీ..."

ఎడమ మూల పిల్లని ముట్టుకుంది. చేపలా వెనక్కి తిరిగింది. గీత దగ్గరికి వచ్చేసింది కూడా.

నీలవేణి కాళ్ల మీద పడలేదు. పైట అందుకుని లాగింది.

నడుం దగ్గర ముడి ఊడింది. ఓణీ భుజం మీంచి జారి మట్టిలో పడింది. ప్రహరీ మీంచి ఎవడో ఈల వేశాడు. "అబ్బో!" అన్నాడు పక్కవాడు.

ఒంటి మీద జెర్సీ ఉంది. దాని కింద బనీనూ ఉంది. అయినా ఝాన్సీ చేతులు రెండూ గుండెల మీదికి పోయాయి. నోరు ఆగిపోయింది. గీత అడుగు దూరంలో ఉంది.

"కూత తెగింది," అంది సన్యాసమ్మ. "అవుటు."

ఝాన్సీ మొహం జేవురించింది. "బట్టలు లాగితే ఫౌలు కదా అప్పా!"

"ఇప్పుడు."

ప్రహరీ మీద వాళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నీలవేణి తన చేతుల వంక చూసుకుంది.

"గైరమ్మకీ ఇలాగే చేసేరా అప్పా?" అంది ఝాన్సీ.

"ఫైనల్లో," అంది సన్యాసమ్మ. "దానికి కింద జెర్సీ లేదు. రవిక చిరిగిపోయింది. నేను గీత ఇవతల నిలబడి ఉన్నాను. జనం ఒకటే అరుపులు. అది కూత ఆపలేదు. చేతులు అడ్డం పెట్టుకోలేదు. అలాగే వచ్చి గీత ముట్టుకుంది. కప్పు మనకొచ్చింది."

"తర్వాత?"

"కప్పుని ఊరంతా ఊరేగించేరు. గైరమ్మని ఇంట్లో పెట్టి గడియేసేరు. మళ్లీ ఆటకి రానివ్వలేదు."

ఝాన్సీ వంగి ఓణీ తీసింది. మట్టి దులిపింది. ఎంత దులిపినా ఇంకా ఉన్నట్టే అనిపించి మళ్లీ దులిపింది.

హాల్లోంచి పెయింటరు బ్రష్షు తుడుచుకుంటూ వచ్చాడు. "తెల్లరంగు ఆరిపోయిందమ్మా. బొమ్మ ఎవరిదో చెప్తే గీసుకుంటాను. ఝాన్సమ్మా, ఫోటో పంపుతానన్నావు గదా?"

ఝాన్సీ ఫోను తియ్యలేదు.

"ఒక్క మాట చెప్పప్పా," అంది నెమ్మదిగా. "ఆవిడ నాకన్నా గొప్పదేనా?"

సన్యాసమ్మ ఆమె చేతిలోంచి ఓణీ తీసుకుంది. చిరుగు లోపలికి పోయేలా మడత పెట్టింది.

"నాకేటి తెలుసు తల్లీ? తెలిసేదాకా ఆడనిచ్చేరేటి దాన్ని?"